కల్లుప్పా, ప్యాకెట్ ఉప్పా? మా ఇంట్లో పంచాయితీ తేలడం లేదు

బెజవాడ_బాబాయ్:
అందరికీ నమస్కారం. ఉప్పు గురించి అడుగుతున్నా, నవ్వకండి. మా అత్తగారిది చినగంజాం దగ్గర ఊరు. ఈసారి వస్తూ వస్తూ ఒక బస్తా కల్లుప్పు ఆటోలో వేసుకొచ్చారు. "ఆ ప్యాకెట్ ఉప్పు తినబట్టే మీ నాన్నగారికి బీపీ, ఇంటికొకరికి థైరాయిడ్" అని వంటింట్లో ఉన్న ప్యాకెట్ తీసి బాత్రూమ్ కడగడానికి పెట్టేశారు. దానికి తోడు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో. రిఫైన్డ్ ఉప్పులో బ్లీచింగ్ కలుపుతారట, సయనైడ్ ఉంటుందట, సముద్రం ఇచ్చిన 84 ఖనిజాల్నీ చంపేస్తారట. నాన్నగారు అది చూసి, "ఉప్పు మార్చాం కదా, ఇక మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటా" అంటున్నారు. నా టెన్షన్ అదే. ఈ రెండింటికీ ఆరోగ్యం విషయంలో నిజంగా తేడా ఉందా? "మా తాతలు తిన్నారు, నూరేళ్ళు బతికారు" అనే జవాబు మాత్రం వద్దు. అది ఇంట్లో రోజూ వింటున్నా.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, వద్దన్నవు గని చెప్పక తప్పుతలేదు. మా తాత తొంభై దాటిండు, ఇంట్ల ఎప్పుడూ దొడ్డుప్పే. పచ్చిపులుసుల దొడ్డుప్పు వేసి చేత్తోని పిసికితే వచ్చే రుచి ప్యాకెట్ ఉప్పుకు రాదు.

బెజవాడ_బాబాయ్:
చెప్పనే చెప్పావు తమ్ముడూ 😀

ప్రకృతి_ప్రియ:
మీ అత్తగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. రిఫైన్డ్ ఉప్పు అంటే ఫ్యాక్టరీలో పుట్టిన రసాయనం. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ ఉంటాయి. వాటన్నిటినీ తీసేసి వట్టి సోడియం క్లోరైడ్ మిగిల్చి, పైన అయోడిన్ చల్లి మనకి అమ్ముతున్నారు. కల్లుప్పు గానీ సైంధవ లవణం గానీ వాడండి, బీపీ దానంతట అదే దారికొస్తుంది. నేను వాడుతున్నాను, నాకే సమస్యా లేదు.

నౌపడా_ఉప్పుగాలి:
మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ ఉప్పు మడుల్లో బతికినోళ్ళే. ఈ వీడియోలు చేసేవాళ్ళలో ఒక్కరైనా మడి గట్టు మీద నిలబడ్డారో లేదో గానీ, "ఖనిజాలు" అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

లీటరు సముద్రపు నీళ్ళలో అన్నీ కలిపి 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాముల చిల్లర. మిగతాది మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, జిప్సం, కొంచెం పొటాషియం. పోటు నీళ్ళని ముందు పెద్ద మడుల్లో పెడతారు. ఎండకి చిక్కబడే కొద్దీ ఒక మడిలోంచి ఇంకో మడికి మళ్ళిస్తారు. చిక్కదనం చూడటానికి బామే గొట్టం ఉంటుంది. సముద్రపు నీళ్ళలో ముంచితే మూడు, మూడున్నర డిగ్రీలు చూపిస్తుంది. పాతిక డిగ్రీలకి చేరేలోపు జిప్సం చాలావరకు అడుగున దిగిపోతుంది. పాతిక దాటాక ఆఖరి మడిలో ఉప్పు గళ్ళు కట్టడం మొదలవుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. నీళ్ళు 29, 30 డిగ్రీలకి రాగానే మడిలో మిగిలిన నీళ్ళు బయటికి వదిలెయ్యాలి. వదలకపోతే మెగ్నీషియం కూడా ఉప్పుతో పాటు దిగుతుంది. అప్పుడు ఉప్పు చేదెక్కుతుంది, ఎప్పుడు చూసినా చెమ్మగా ఉంటుంది, బేరగాడు ముట్టుకోడు. తీసిన ఉప్పుని గట్టు మీద కుప్ప పోసి తాటాకులు కప్పుతారు కదా, ఆ కుప్పలోంచి కూడా చేదునీరు రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. అందుకే మా దగ్గర ముసలోళ్ళు కొత్త ఉప్పు కూరకి వాడరు, పాత ఉప్పే అడుగుతారు. అంటే మీరు "ఫ్యాక్టరీ వాడు తీసేశాడు" అనుకుంటున్న ఖనిజాల్ని మా నాన్న తన చేత్తో తీసి కాలవలోకి వదిలేవాడు. మంచి ఉప్పురైతు పనితనమంతా అందులోనే ఉంది.

రిఫైనరీ వాడూ అదే పని చేస్తాడు, మిషన్లతో ఇంకొంచెం గట్టిగా చేస్తాడు. అంతే.

గోంగూర_గిన్నె:
ఇన్నేళ్ళుగా ఉప్పు వాడుతున్నా, కొత్త ఉప్పు పాత ఉప్పు ఎందుకంటారో ఇవాళ తెలిసింది. మా నాయనమ్మ ఉప్పు జాడీ పీట మీద ఏటవాలుగా పెట్టేది, కారిన నీళ్ళు పారబోసేది. ఆ నీళ్ళు నాలిక మీద వేసుకుంటే నిజంగానే చేదు.

బీకర్_బాబు:
ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పైన ఉప్పుగాలి గారు చెప్పినదానికి అంకెలు కలుపుతాను. శుభ్రంగా తీసిన కల్లుప్పులో తేమ పక్కన పెడితే 96 నుంచి 98 శాతం సోడియం క్లోరైడే. ప్యాకెట్ ఉప్పులో 98, 99. తేడా అంతే. ఆ మిగిలిన ఒకటి రెండు శాతంలో ఉన్న మెగ్నీషియం, రోజుకి 5 గ్రాముల ఉప్పు తింటే, పది పదిహేను మిల్లీగ్రాములు మించి రాదు. మనిషికి రోజుకి కావలసింది 400 అటూ ఇటూ. గుప్పెడు వేరుశనగ గుళ్ళు తింటే 50 పైన వస్తుంది. ఖనిజాలు కావాలంటే పల్లీలు, రాగులు, ఆకుకూరలు తినాలి. ఉప్పులోంచి తెచ్చుకోవాలంటే ముందు బీపీ వస్తుంది, తర్వాత ఖనిజాలు.

బ్లీచింగ్ సంగతి: ఉప్పుని బ్లీచ్ చేయరు. ఆ అవసరమే లేదు, ఉప్పు స్వభావమే తెలుపు. మట్టి, జిప్సం పోతే దానంతటదే తెల్లగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల కల్లుప్పునే చిక్కటి ఉప్పునీళ్ళతో కడిగి, పొడి చేసి, ఆరబెడతారు. పెద్ద ప్లాంట్లలో ఉప్పునీళ్ళకి సోడా లాంటివి కలిపి కాల్షియం, మెగ్నీషియం అడుగుకి దింపేసి, పైన తేరిన నీళ్ళని వ్యాక్యూమ్‌లో మరిగించి గళ్ళు కట్టిస్తారు. "వేడి చేస్తే ఉప్పు స్వభావం మారిపోతుంది" అనేది కూడా ఉత్త మాట. ఉప్పు కరిగి ద్రవం కావాలంటేనే 800 డిగ్రీలు దాటాలి.

ప్రకృతి_ప్రియ:
మరి సయనైడ్ సంగతేంటి? ప్యాకెట్ మీద 536 అని చిన్న అక్షరాల్లో ఎందుకు వేస్తారు? 2019లో ప్యాకెట్ ఉప్పులో సయనైడ్ ఉందని ఇంత గొడవ జరిగింది కదా.

బీకర్_బాబు:
మంచి ప్రశ్న. 536 అంటే పొటాషియం ఫెర్రోసయనైడ్. వానాకాలంలో ఉప్పు గడ్డ కట్టకుండా చిటికెడులో చిటికెడు కలుపుతారు. పేరులో సయనైడ్ ఉంది గానీ, అది ఇనుముతో గట్టిగా బిగిసి ఉంటుంది, వంటలోనో కడుపులోనో విడిపోయి విషం అయ్యేది కాదు. మన దేశంలో కిలో ఉప్పుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి. లెక్క వేయండి: రోజుకి 5 గ్రాముల ఉప్పులో అది 0.05 మిల్లీగ్రాము. అంతర్జాతీయ నిపుణుల కమిటీ జీవితాంతం రోజూ తిన్నా పర్వాలేదన్న మోతాదు కిలో శరీర బరువుకి 0.025 మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 1.5. ముప్పై రెట్లు తక్కువలో ఉన్నాం. అయినా మనసొప్పకపోతే 536 లేని ప్యాకెట్లు ఉన్నాయి, కొన్నిట్లో దాని బదులు 551 ఉంటుంది, అది ఇసకలో ఉండే సిలికానే. వెనక తిప్పి చదువుకుని కొనుక్కోవచ్చు. దానికోసం అయోడిన్ మానేయక్కర్లేదు.

ఇంకోటి, కల్లుప్పు "స్వచ్ఛం" అనేవాళ్ళకి. ఇప్పుడు సముద్రంలోనే ప్లాస్టిక్ ఉంది. ఐఐటీ బాంబే వాళ్ళు 2018లో మన మార్కెట్లో ఉప్పులు పరీక్షిస్తే సన్నని ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి. కడగని, వడపోయని ఉప్పులో అవి తగ్గే దారి ఉండదు.

డాక్టరమ్మ_గుంటూరు:
ఆలస్యంగా వచ్చాను, ఓపీ అయ్యేసరికి ఈ టైమైంది. బీపీ ముక్క ముందు చెప్తాను. బీపీని పెంచేది సోడియం. ఉప్పు బరువులో 40 శాతం సోడియమే, అది కల్లుప్పైనా, గులాబీ ఉప్పైనా, నల్ల ఉప్పైనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే అన్నీ కలిపి ఒక టీ స్పూను కూడా నిండదు. తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ ఆహార సూచనల్లోనూ ఇదే. 2017-18లో దేశమంతా చేసిన సర్వేలో మనవాళ్ళ సగటు 8 గ్రాములు తేలింది. మన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు చూస్తే నాకేం ఆశ్చర్యం వేయలేదు.

కాబట్టి ఉప్పు రకం మార్చి మాత్ర తగ్గించడం అనే మాట మీ నాన్నగారి నోట మళ్ళీ రానివ్వకండి. రోజు విడిచి రోజు వేసుకుంటే బీపీ పడుతూ లేస్తూ ఉంటుంది, పక్షవాతంతో వచ్చేవాళ్ళలో ఇలాంటి కథలు చాలా వింటాం.

కల్లుప్పుకీ ప్యాకెట్ ఉప్పుకీ ఆరోగ్యంలో నిజమైన తేడా ఒక్కటే, అయోడిన్. దాని గురించి రాసేముందు ఒకటి చెప్పండి బాబాయ్ గారూ: ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ మందులు వాడుతున్నారు?

బెజవాడ_బాబాయ్:
నాన్నగారు బీపీకి టెల్మిసార్టన్. అమ్మకి థైరాయిడ్ మాత్ర, పొద్దున్నే పరగడుపున వేసుకుంటుంది. మా ఆవిడకి ఇప్పుడు నాలుగో నెల. అత్తగారు వచ్చింది కూడా అందుకే.

డాక్టరమ్మ_గుంటూరు:
నాలుగో నెలా! ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది.

అయోడిన్ లేకుండా థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారు చేయలేదు. కడుపులో బిడ్డ మెదడు తయారవడానికి ఆ హార్మోన్ కావాలి. మొదటి నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయదు, అంతా తల్లి నుంచే వెళ్ళాలి. మామూలు మనిషికి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి 250 కావాలి. ఇప్పుడు లోటు పడితే పిల్లల తెలివితేటల మీద, వినికిడి మీద దెబ్బ పడొచ్చు. పుట్టాక దాన్ని సరిచేయడం కుదరదు. గొంతు దగ్గర వాపు కనిపించేంత లోటే అక్కర్లేదు, బయటికి ఏమీ తెలియని లోటు కూడా చాలు.

"చినగంజాం సముద్రం పక్కనే కదా, సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉండదా" అని మీ అత్తగారు అడుగుతారు. సముద్రపు చేపలో ఉంటుంది. ఉప్పులో మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. గళ్ళు కట్టేటప్పుడు అది ఉప్పుతో రాదు. అయోడిన్ కలిపిన ఉప్పులో మన ఇంటికొచ్చేసరికి కిలోకి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి, తయారీ దగ్గర 30 ఉండేలా కలుపుతారు. 30 ఉన్న ఉప్పు 5 గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు అందుతుంది. 15 ఉంటే సగమే. మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, చేప నుంచి రావాలి. మీ ఆవిడ గుడ్డు, చేప తినరంటే ప్రసవానికి చూపించే డాక్టరుతో ఆ మాట కూడా చెప్పండి.

మీ అమ్మగారి సంగతి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు అయోడిన్ ఉప్పు మానేయాలి అనేది మన దగ్గర బాగా పాకిన అపోహ. మామూలుగా వంటలో వాడే ఉప్పుతో వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ ఇచ్చే ముందు మాత్రం ఒకటి రెండు వారాలు అయోడిన్ లేని ఉప్పు వాడమంటాం. అది డాక్టరు చెప్పి చేయించే పథ్యం. ఎవరో పేషెంటు ఆ మాట విని ఊరంతా చెప్పి ఉంటారు.

ప్రకృతి_ప్రియ:
మేడమ్, అయోడిన్ అసలు వండితే ఆవిరైపోతుంది అంటారు కదా. ఇక కలిపి ప్రయోజనం ఏముంది? పైగా 2006లో అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని బలవంతంగా చట్టం తెచ్చారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో దేవరంపాడు శిబిరంలో టంగుటూరి ప్రకాశం గారు దేనికోసం ఉప్పు వండారు? మన ఉప్పు మనం వండుకోవడానికేగా. ఇప్పుడు మన ప్రభుత్వమే మన సహజమైన ఉప్పుని దొంగసరుకు చేసింది.

డాక్టరమ్మ_గుంటూరు:
కొంత పోతుంది, అంతా పోదు. సుమారు 20 శాతం వంటలో పోతుందని లెక్కేసుకునే మోతాదు పెట్టారు. మన దేశంలో కలిపేది పొటాషియం అయోడేట్. అమెరికాలో కలిపే అయోడైడ్ కంటే ఇది మన ఎండకి, చెమ్మకి బాగా నిలుస్తుంది. మూత తీసి పొయ్యి పక్కన పెట్టే అలవాటు మానుకుంటే, కూర దించేముందు వేసుకుంటే ఇంకా మంచిది.

చట్టం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1950లలో ప్రొఫెసర్ వి. రామలింగస్వామి బృందం హిమాచల్ కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకి అయోడిన్ ఉప్పు, కొన్ని ప్రాంతాలకి మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్ళు గమనించారు. అయోడిన్ ఇచ్చిన చోట గాయిటర్, అంటే గొంతు దగ్గర థైరాయిడ్ వాపు, బాగా తగ్గింది. దాంతో 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ముందు కొండ ప్రాంతాల జబ్బే అనుకున్నారు, తర్వాత సర్వేల్లో మైదానాల్లోనూ తేలింది. వరదలు, వానలు నేలలోని అయోడిన్ని కడిగేస్తాయి. ఆ నేలలో పండిన గింజలోనూ ఉండదు. 2000లో కేంద్రం నిషేధం ఎత్తేసింది, మళ్ళీ 2006 మే 17 నుంచి పెట్టింది. నిషేధం తినడానికి అమ్మే ఉప్పు మీదే. పశువులకి, పరిశ్రమలకి, నిల్వ చేసే సరుకుకి అయోడిన్ లేనిది అమ్ముకోవచ్చు. బస్తా మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి బాబాయ్ గారూ.

నౌపడా_ఉప్పుగాలి:
ఉప్పు సత్యాగ్రహం మాట వచ్చింది కాబట్టి మా కడుపులో మాట కూడా రాస్తాను. ప్రకృతి గారు చెప్పింది ఒక ముక్క నిజం. చట్టం వచ్చాక నలిగింది చిన్న ఉప్పురైతే. అయోడిన్ చల్లడం పెద్ద విద్యేం కాదు. కానీ ప్యాకింగ్, ల్యాబ్ పరీక్ష, లైసెన్సు, బ్రాండు, ఇవన్నీ పదెకరాల మడి ఉన్నోడి వల్ల అయ్యేవి కావు. మా సరుకు చేపలకి, తోళ్ళకి, పెద్ద కంపెనీల ముడిసరుకుకి పోతుంది. జనవరి నుంచి జూన్ దాకా ఎండలో చెప్పుల్లేకుండా ఉప్పు తొక్కి, మేలో ఒక్క వాన పడితే మడిలో పంట మడిలోనే కరిగిపోతుంది. ఒక్క టీ ఖరీదుకి మా గట్టు మీద కిలోలకి కిలోలు వస్తుంది.

దానికి మందు చిన్న రైతులకి ఊరి దగ్గరే అయోడిన్ కలిపే యూనిట్ పెట్టించడం. "అయోడిన్ మానెయ్యండి" అనడం కాదు. మా ఇంట్లో కూరకి ఏ ఉప్పు వాడతారో తెలుసా? ప్యాకెట్టే. ఆశా వర్కర్ వచ్చి గట్టు మీది ఉప్పు మీద అయోడిన్ పరీక్ష చేసే మందు చుక్క వేసి చూపించింది, రంగు రాలేదు. ప్యాకెట్ ఉప్పు మీద వేస్తే ఊదారంగు వచ్చింది. మా అమ్మకి అంతకంటే ఏ డాక్టరూ చెప్పక్కర్లేకపోయింది.

ఓరుగల్లు_పోరడు:
డాక్టరమ్మా, అయోడిన్ కలిపిన దొడ్డుప్పు దొరుకుతదా? మా అమ్మకు పొడి ఉప్పు చేతికి ఆనదు అంటది.

డాక్టరమ్మ_గుంటూరు:
దొరుకుతుంది. ప్యాకెట్లలో అయోడైజ్డ్ కల్లుప్పు కిరాణా షాపుల్లోనే ఉంది. నవ్వుతున్న సూర్యుడి గుర్తు, దాంతో పాటు తయారీ తేదీ చూసి తీసుకోండి. గళ్ళ మీద అయోడిన్ పైపైనే ఉంటుంది కాబట్టి కడిగి వాడకండి, చెమ్మ చేరనివ్వకండి. విడిగా రాసి పోసి తూకానికి అమ్మేదాంట్లో ఉంటుందని నమ్మలేం.

డాలస్_దోసకాయ:
ఇక్కడ పరిస్థితి వేరు. అమెరికాలో 1924లో మిషిగన్‌లో అయోడిన్ ఉప్పు మొదలుపెట్టారు గానీ తప్పనిసరి చేయలేదు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి. సముద్రపు ఉప్పు డబ్బా మీద ఇందులో అయోడైడ్ లేదని రాసే ఉంటుంది. మన తెలుగువాళ్ళు చాలామంది కోషర్ ఉప్పు, పింక్ ఉప్పు స్టైల్ కోసం కొంటారు. బయట తిండిలో, చిప్స్‌లో వాడేది ఎక్కువగా అయోడిన్ లేనిదే. అంటే ఉప్పు బోలెడు తింటారు, అయోడిన్ మాత్రం రాదు. గర్భిణులకి ఇచ్చే విటమిన్ మాత్రలో అయోడిన్ ఉందో లేదో చూసుకోమని మా డాక్టరు చెప్పింది, అన్నిట్లో ఉండదట.

ప్రకృతి_ప్రియ:
సరే, సైంధవ లవణం గురించి ఎవరూ మాట్లాడరేం? హిమాలయాల్లో కోట్ల ఏళ్ళ నాటిది, ఏ కాలుష్యం లేనిది.

బీకర్_బాబు:
పాత సముద్రం ఎండి మిగిలిన రాతి ఉప్పే అది. ఎక్కువగా పాకిస్థాన్ పంజాబ్‌లోని ఖేవ్రా గని నుంచి వచ్చేది. హిమాలయం అనేది పేరులోనే, గని ఉన్నది సాల్ట్ రేంజ్ కొండల్లో. గులాబీ రంగు ఇనుము ఆక్సైడ్ వల్ల, సూటిగా చెప్పాలంటే తుప్పు రంగు. ఆ ఇనుముతో రక్తహీనత తగ్గదు, అంత ఉండదు. అందులోనూ 97, 98 శాతం సోడియం క్లోరైడే, అయోడిన్ సున్నా లెక్క. పాకిస్థాన్ సరుకు దిగుమతిని 2025 మేలో కేంద్రం పూర్తిగా ఆపేసింది కాబట్టి, ఇప్పుడు కొనే ప్యాకెట్ మీద ఎక్కడిదని రాశారో చదవండి. ఉపవాసం రోజున వాడుకోండి, చాట్ మీద నల్ల ఉప్పు చల్లుకోండి, రుచికి ఎవరూ అడ్డం చెప్పరు. పది రెట్లు ధర పెట్టి మందులా వాడటమే నాకు నచ్చదు.

గోంగూర_గిన్నె:
నేను వంట వైపు నుంచి ఒకటి చెప్తాను, ఇది డాక్టర్లకి కూడా పనికొస్తుంది. పొడి ఉప్పు టీ స్పూన్ నిండా తీసి డిజిటల్ కాటా మీద పెడితే 6 గ్రాములు వస్తుంది. అదే స్పూన్‌తో కల్లుప్పు తీస్తే నాలుగు, నాలుగున్నర. గళ్ళు పెద్దవైతే ఇంకా తక్కువ, మధ్యలో ఖాళీలు ఉంటాయి కదా. "కల్లుప్పుకి మారాక బీపీ తగ్గింది" అనేవాళ్ళలో కొందరికి జరిగింది ఇదే అని నా అనుమానం. స్పూన్ల లెక్క అలాగే ఉంచి ఉప్పు మార్చారు, తెలియకుండానే తక్కువ తిన్నారు.

పచ్చళ్ళలో దీనికి ఉల్టా జరుగుతుంది. మా ఇంట్లో ఆవకాయ లెక్క సోలలతో, గిద్దలతో ఉండేది. కల్లుప్పు రెండు రోజులు ఎండబెట్టి, రోట్లో బరకగా దంచి, సోలతో కొలిచేవాళ్ళు. ఇప్పటి పిల్లలు అదే సోలతో సన్నటి ప్యాకెట్ ఉప్పు కొలిచి వేస్తారు. అది సోలలో దిగిపోయి కూర్చుంటుంది కదా, బరువు ఎక్కువ పడుతుంది. పచ్చడి ఉప్పు కషాయం అవుతుంది. అప్పుడు "అయోడిన్ ఉప్పు వల్ల పచ్చడి పాడైంది" అంటారు. అయోడిన్ వల్ల ఆవకాయ పాడవదు, ముక్క నల్లబడదు. తడి తగిలితే పాడవుతుంది, ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది. కాటా పెట్టుకుని గ్రాముల్లో తూచండి, ఏ ఉప్పైనా ఒకటే.

తూచడం అలవాటైతే ఇంకోటి కూడా తెలుస్తుంది. మా లెక్కలో రెండు కిలోల మామిడి ముక్కలకి అర కిలో ఆవపిండి, అర కిలో కారం, అర కిలో ఉప్పు, కిలో నూనె. మొత్తం నాలుగున్నర కిలోల్లో అర కిలో ఉప్పు. అంటే ముక్కా పిండీ కలిపి 20 గ్రాములు పళ్ళెంలో వేసుకుంటే 2 గ్రాములు దాటి ఉప్పు అందులోనే వచ్చేసింది. ముద్దపప్పులో ఉప్పు వేరే, మజ్జిగలో వేరే, అప్పడంలో వేరే. డాక్టరమ్మ చెప్పిన 5 గ్రాములు మధ్యాహ్నం భోజనంతోనే అయిపోయాయి. పప్పులో ఏ రకం ఉప్పు అన్న గొడవ తర్వాత సంగతి.

డాక్టరమ్మ_గుంటూరు:
గోంగూర గారూ, ఈ పోస్టు ప్రింటు తీసి మా ఓపీ గోడకి అంటించాలనిపిస్తోంది.

సంత_శీను:
బాబాయ్, మీ నాన్నగారికి లో సోడియం ఉప్పు తీసుకోండి, సూపర్‌మార్కెట్లో ఉంది. రుచి దగ్గరదగ్గర అంతే. బీపీ వాళ్ళకి బాగా పనిచేస్తుందని చదివాను, మా ఆఫీసులో ముగ్గురు వాడుతున్నారు.

డాక్టరమ్మ_గుంటూరు:
శీను గారూ, మీరు చదివింది తప్పు కాదు. అందులో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. పావు వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంటి వంటకి అలాంటి ఉప్పుని సిఫార్సు చేసింది. కానీ గర్భిణులకి, పిల్లలకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి ఆ సిఫార్సు వర్తించదని అందులోనే రాశారు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే పొటాషియం రక్తంలో పేరుకుపోతుంది. అది గుండె లయ తప్పించేంత ప్రమాదం. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు కూడా పొటాషియం పెంచుతాయి.

కాబట్టి బాబాయ్ గారి ఇంట్లో కళ్ళు మూసుకుని ఆ డబ్బా తెచ్చి పెట్టేయకూడదు. నాన్నగారికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్ష చేయించి, ఆయన డాక్టరు సరే అంటేనే. సరే అన్నా ఆయనకి వేరే గిన్నెలో. మీ ఆవిడకి మాత్రం మామూలు అయోడిన్ ఉప్పే.

నౌపడా_ఉప్పుగాలి:
ఈ ముక్క మా వైపు అందరూ చదవాలి. మా మడుల నుంచి కాస్త పైకెళ్తే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ ఊరు చూసినా కిడ్నీ రోగులే. సగం మందికి ముదిరేదాకా జబ్బున్నట్టే తెలీదు. ఎవరో టీవీలో చెప్పారని ఈ పొటాషియం ఉప్పు తెచ్చి వండితే ఏమవుతుందో తలుచుకుంటేనే భయం.

సంత_శీను:
బాబోయ్. ఆఫీసులో ఒకాయనకి కిడ్నీలో రాళ్ళున్నాయి, రేపే చెప్తాను.

డాక్టరమ్మ_గుంటూరు:
రాళ్ళున్నంత మాత్రాన వద్దని కాదు, కిడ్నీ పనితీరు ఎలా ఉందో తెలుసుకుని వాడమనండి.

వేదిక_నిర్వాహకుడు:
మధ్యలో వచ్చిన రెండు బ్రాండ్ ప్రకటనలు, ఒక "ఉప్పు డిటాక్స్" లింకు తీసేశాను. చర్చ కొనసాగించండి.

బెజవాడ_బాబాయ్:
అందరికీ పేరు పేరునా థాంక్స్. బస్తా మీద చూశాను, అయోడిన్ అన్న మాటే లేదు. ఉప్పుగాలి గారి పోస్టు అత్తగారికి చదివి వినిపించాను. చేదునీరు, తాటాకు కుప్పల దగ్గరికి వచ్చేసరికి, "అవును, మా ఉప్పు కొఠారులోనూ ఇంతే, వాళ్ళు ఉన్నదే రాశారు" అన్నారు. ఆ తర్వాత నాలుగో నెల సంగతి, బిడ్డ మెదడు సంగతి చదివితే మాట్లాడకుండా లేచి వెళ్ళి బాత్రూమ్‌లో ప్యాకెట్ చూసొచ్చి, "అది వద్దులే, కొత్తది తీసుకురా" అన్నారు. సాయంత్రం అయోడైజ్డ్ కల్లుప్పు తెచ్చాను, ఆవిడ చేతికి గళ్ళు, మా ఆవిడకి అయోడిన్. ఇప్పుడు సమస్య బస్తా. పారేస్తే ఊరుకోరు, ఏం చేయాలి?

గోంగూర_గిన్నె:
పారేయడమెందుకు, పచ్చళ్ళు పెట్టేటప్పుడు ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ, చింతకాయ అన్నిటికీ అదే వాడండి. పచ్చడిలో తినే ఉప్పులో అయోడిన్ తగ్గుతుందని ఆలోచించకండి, రోజువారీ కూరల్లో వస్తుంది. ఎండబెట్టి దంచాక తూచి వేయండి, సోలతో కాదు.

నౌపడా_ఉప్పుగాలి:
పెరట్లో కొబ్బరి చెట్లుంటే మొదట్లో కొంచెం వేయండి, మా వైపు వేస్తారు. ఎండుచేపలు చేసేవాళ్ళకిస్తే ఎగిరి గంతేసి తీసుకుంటారు.

ప్రకృతి_ప్రియ:
ఉప్పు విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ గర్భిణి ఉన్న ఇంట్లో మీరు చేసింది సరైనదే. నాన్నగారి మాత్ర సంగతి ఏమైంది?

బెజవాడ_బాబాయ్:
ఇంకా బెట్టు మీదే ఉన్నారు. బ్లడ్ టెస్టుకి మాత్రం ఒప్పుకున్నారు, ఎల్లుండి పొద్దున్న. రిపోర్టు రాగానే ఇక్కడ పెడతాను.

డాక్టరమ్మ_గుంటూరు:
ఇక్కడ పెట్టకండి, ఆయన్ని చూసే డాక్టరుకి చూపించండి. ఎల్లుండి దాకా ఆగకుండా ఇవాళ్టి మాత్ర ఇవాళే వేయించండి. వేసుకోకపోతే ఆవకాయ జాడీ తాళం అత్తగారి చేతికిచ్చేయండి.

బెజవాడ_బాబాయ్:
జాడీ ఇప్పటికే ఆవిడ గదిలోకి వెళ్ళిపోయింది మేడమ్.